రెండు గుమ్మాల లాప్‌టాప్

లాప్‌టాప్‌కి వైరూ పెట్టారు, వైఫై కూడా ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు మీరు తెరిచిన వెబ్‌సైట్‌కి అది ఏ దారిలో వెళ్తుంది? "ఏది పనిచేస్తే అందులో" అనుకుంటారు చాలామంది, బీటెక్ చదివినవాళ్లు కూడా. కానే కాదు.

ప్రతి కంప్యూటర్‌లోనూ రూటింగ్ టేబుల్ అని ఒక పట్టీ ఉంటుంది. వెళ్లాల్సిన అడ్రస్‌కి అందులో ఏ వరుస ఎక్కువ కచ్చితంగా సరిపోతే ఆ దారే పడుతుంది. ఏదీ సరిపోకపోతే 0.0.0.0 అని ఉండే డిఫాల్ట్ దారి. అలాంటివి రెండుంటే మెట్రిక్ చూస్తుంది. తక్కువ అంకె ఉన్నదే గెలుస్తుంది.

కిందటేడు మా చెల్లికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. వెబ్ ఆప్షన్లకి అదే ఆఖరి రాత్రి. ఊళ్లో వాన, నెట్ పోయింది. నేనేమో హైదరాబాద్‌లో ఉన్నా. నాన్న ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పెట్టుకున్నా పేజీ తిరుగుతూనే ఉందట.

"అన్నయ్యా, ఫోన్లో యూట్యూబ్ కూడా వస్తోంది. లాప్‌టాప్‌లోనే ఏమీ రావట్లేదు" అని అమ్మ ఫోన్ నుంచి ఏడుపు గొంతు.

'రూట్ ప్రింట్' అని కొట్టించి, సున్నాల వరుసల్లో చివరి అంకె చదవమన్నాను. వైరుకి 25, వైఫైకి 50.

"ఆ వైరు పీకెయ్."

పీకింది. పేజీ వచ్చేసింది. గడువుకి నలభై నిమిషాల ముందు ఆప్షన్లు సేవ్ చేసింది.

విండోస్ ఆ అంకెని లింకు వేగాన్ని బట్టి తనే వేసుకుంటుంది. ఆ వేగం లాప్‌టాప్‌కీ పక్కనున్న మోడెమ్‌కీ మధ్యది మాత్రమే! మోడెమ్ ఇన్వర్టర్ మీద వెలుగుతోంది కాబట్టి వైరు దివ్యంగా ఉన్నట్టే లెక్క. వీధి చివర ఫైబర్ తెగితే దానికేం తెలుస్తుంది? నెట్ లేదని మూలన గుర్తు చూపిస్తుంది గానీ, మెట్రిక్ మార్చదు. ఈ విషయంలో ఆండ్రాయిడ్ ఫోనే నయం. వైఫైలో నెట్ నిజంగా వస్తోందో లేదో పరీక్షించుకుని, రాకపోతే మొబైల్ డేటాకి మారుతుంది.

"మరి సగంలో ఆగిన డౌన్‌లోడ్ ఇటు ఎందుకు మారలేదు?" అంది మర్నాడు. మంచి ప్రశ్నే. ఒక్కో గుమ్మానికి ఒక్కో ఐపీ అడ్రస్. టీసీపీ కనెక్షన్‌ని గుర్తుపట్టేదే రెండు వైపుల అడ్రస్‌లూ, పోర్టు నంబర్లతో. కొత్త గుమ్మంలోంచి వెళ్తే అవతలి సర్వర్‌కి ఎవరో కొత్తవాళ్లు వచ్చినట్టే. మళ్లీ మొదటినుంచి పలకరించుకోవాల్సిందే.

ఇప్పుడు మా ఇంట్లో నెట్ ఆగితే నాన్న ముందు వైరు పీకుతున్నాడు. కరెంట్ పోయినా సరే.