లోహగడ్ మీద బిడ్డ వెంట

మా బిడ్డ పోలీసు భర్తీకి తయారవుతోంది. ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, గుండు విసరడం. పోయినసారి 800 దగ్గరే వెనకబడింది. "ఆఖరికి దమ్ము సాలుతలేదు బాపూ" అంది. మైదానంలో నేర్పే సారు గుట్టలెక్కి ఉరుకుమన్నాడట. ఒక్కదాన్నే పంపడానికి వాళ్లవ్వ ఒప్పుకోలేదు. మా కార్ఖానాకు శుక్రవారం సెలవు. అట్లా నేను తోడు బయలుదేరాను.

నాకు 47 ఏండ్లు. అందులో ఇరవై ఆరేండ్లు భివండి సాంచెల నడుమనే గడిచినయి. ఆరు సాంచెలు చూసుకునేటోడు షిఫ్టులో ఎంత నడుస్తాడో మీకు చెప్పే పని లేదు. అందుకే కాళ్ల మీద నాకు నమ్మకం ఉండె.

కల్యాణ్‌లో పొద్దున్నే పుణె రైలెక్కితే లోణావళా. అక్కడ లోకల్ మారితే మరుసటి స్టేషనే మళవలి. దిగగానే ఎదురుగా రెండు గుట్టలు కనిపిస్తయి, లోహగడ్, విసాపూర్. రెండూ కోటలే. లోహగడ్ సముద్రమట్టానికి 1,033 మీటర్లు, విసాపూర్ 1,084. స్టేషన్ నుంచి లెక్కేస్తే నాలుగు వందల మీటర్ల పైచిలుకు ఎక్కుడు. ఒకటెక్కి దిగి, రెండోది ఎక్కి, పాటణ్ ఊరి వైపు దిగి మళ్లీ స్టేషన్‌కు రావాలని బిడ్డ ప్లాను.

భాజే ఊరి దాకా నేనూ ఉరికిన. అక్కడ రెండు వేల ఏండ్లకు ముందు తొలిచిన 22 బౌద్ధ గుహలున్నయి. పెద్ద గుహ కప్పుకు ఆనాటి కట్టె దూలాలు ఇప్పటికీ ఉన్నయంటే నమ్మలేరు. మాకు ఆగే టైం లేదు, మీరు పోతే తప్పక చూడండి. ఊరు దాటినంక దారి నిలువునా లేస్తుంది. రెండు గుట్టల నడుమ గాయముఖ్ ఖిండ్ అనే కనుమ చేరేసరికి బిడ్డ రాయి మీద కూర్చొని నా కోసం చూస్తోంది. అప్పటికే నా ఛాతీ బిగుసుకుంది. నీళ్లు తాగుతున్నట్టు చేసి నిలబడ్డాను.

లోహగడ్ మెట్లు మంచిగున్నయి. గణేశ్, నారాయణ్, హనుమాన్, మహాదర్వాజా అని నాలుగు ద్వారాలు ఒకదాని మీద ఒకటి, పాములాగ మెలికలు తిరిగి. శివాజీ 1648లో పట్టిన కోట. 1665లో పురందర్ ఒప్పందంలో మొగలులకు పోయింది, 1670లో మళ్లీ గెలిచారు. 2025లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వంలో చేర్చిన 12 కోటల్లో ఇదీ ఉంది. ఇవన్నీ ఇంటికొచ్చి చదివినయి. ఆ రోజు రెండో ద్వారం దగ్గర గోడకు ఆనుకొని, పిల్ల చూడకుండా నోటికి తువాల అడ్డం పెట్టుకొని దగ్గుతున్నాను.

చూడనే చూసింది. పై నుంచి దిగి వచ్చి, "రాత్రి కూడా గిట్లనే మెత్త అడ్డం పెట్టుకొని దగ్గుతవ్. నాకు ఇనపడ్తది బాపూ" అంది. ఏమనాలో తోచలేదు. మిగతా మెట్లు ఇద్దరం నడిచే ఎక్కాం.

పైన పడమటి దిక్కు తేలుకొండిలాగ సన్నగా సాగిన కొన ఉంది. వించూకాటా అంటారు, మరాఠీలో తేలుకొండి అనే. "పోయి ఉరికిరా, ఈడనే కూసుంటా" అన్నాను. అప్పుడు కనపడింది పవనా చెరువు. నిజానికి డ్యాం నీళ్లు, కాని చూపుకు చెరువే. వానలు తగ్గే రోజులు, నిండుగా ఉంది. మన వరాలదేవి తలావ్ ఎన్ని పడతయో అందులో! అటు తుంగ్ కోట మొన, ఇటు మూడు మూలల తికోనా. గడ్డి నిండా పసుపుపచ్చ సోనకీ పూలు. బతుకమ్మకు ఇంకా పదిరోజులే ఉంది. బిడ్డ ఆ పూల నడుమ ఉరుకుతూ చిన్నగయి, ఒక పల్లంలో దిగి కనపడకుండా పోయింది. ఆ పది నిమిషాలు చెరువును చూడలేదు నేను. ఇటు రెండు పక్కలా లోయ. మళ్లీ ఆమె తల పైకి తేలినప్పుడే ఊపిరి పీల్చుకున్నాను.

విసాపూర్ వద్దన్నాను. ఇంత దూరమొచ్చి అంది. ఒక్కదాన్ని ఆ అడవి దారిలో పంపలేను, కనుక నేను నడుస్తా అన్నాను. ఆమె ఉపాయం చూడండి: వంద అడుగులు పైకి ఉరికి పోవడం, మళ్లీ నా దగ్గరికి దిగి రావడం, మళ్లీ పోవడం. నేను ఒకసారి ఎక్కిన గుట్టను ఆమె రెండుసార్లు ఎక్కింది. ఆ దారి చాలా వరకు వాగులో రాళ్ల మీదనే, వానలో జలపాతమైతది. జోరు వానప్పుడు పిల్లలతో అటు పోకండి. పైన పొడుగాటి కోటగోడ, గాలి. మా పులిహోర డబ్బా కోతి గుంజుకుపోయింది, అదొక్కటే మా నష్టం. దిగేటప్పుడు మోకాళ్లు వణికినయి, అయినా ఊపిరి ఆడింది.

శనివారం పనిలోకి పోతే ఛాతీ ఇంకా బిగిసింది. బిడ్డ పోరు పడలేక డాక్టరు దగ్గరికి పోయిన. ఎక్స్‌రే తీసి, గొట్టంలో గట్టిగా ఊదమన్నాడు. సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజే ఎక్కువ పట్టేస్తదా అని అడిగాడు. అవునన్నాను. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్‌కు అదే గుర్తట. సిగరెట్ ముట్టకు, ముక్కుకు మాస్కు కట్టు, దుమ్ము తక్కువుండే పనికి మారు అన్నాడు. మాస్కు కడుతున్న. పని మారడం సంగతి సేఠ్‌ను అడిగిన, చూద్దాం అన్నాడు. మీలో ఎవరికైనా సెలవు మరునాడు ఇట్లనే ఉంటే మెత్త అడ్డం పెట్టుకొని ఊరుకోకండి.

దసరా అయినంక మళ్లీ పోతున్నం. వాళ్లవ్వ కూడా వస్తానంటోంది. నేను గాయముఖ్ దాకనే. అక్కడ సంచులు కాపలా కాస్తా, కోతులున్నయి గదా.