తాడు – తడి – మంచు

బలమైనదని పేరు పొందిన ప్రతి వస్తువునకు ఒక పరీక్షా సమయం వస్తుంది. త్రాటికి ఆ పరీక్ష తరచుగా నీటిలోనే జరుగుతుంది.

శంషాబాదు పరిసర గ్రామాలలో ఒకప్పుడు మోటబావులు సేద్యానికి ఆధారం. మా తాతగారు మోట తోలిన రోజులలో జనపనారతో పేనిన మోకు వాడేవారు. పని ముగిసిన పిమ్మట దానిని రెండు చెట్ల నడుమ చాచి ఆరవేసేవారట. తడితో చుట్టి పడవేసిన నార కుళ్ళిపోతుందని ఆయనకు తెలుసు. నేడు మా చేనిలో బోరుబావి మోటారును పట్టి ఉంచేది ప్లాస్టిక్ తాడు. అది కుళ్ళదు గనుక దానికి సంరక్షణ అక్కరలేదని మాలో పలువురి నమ్మకం. ఆ నమ్మకంలో సగమే సత్యం ఉన్నది.

కృత్రిమ దారాలన్నింటిదీ ఒకే స్వభావం కాదు. నూలుదారం తడిసినప్పుడు బలం పెరుగుతుంది. 1935లో అమెరికాలో కరోథర్స్ కనుగొన్న నైలాన్ నీటిని పీల్చుకొని సుమారు 10 నుండి 15 శాతం బలం కోల్పోతుంది. ఆరిన పిదప తిరిగి పుంజుకొంటుంది. పాలిథిలీన్ జాతి దారం నీటిని పీల్చదు. నీటికన్న తేలికై తేలుతుంది కూడా.

2008లో మా ఊరి చెంత విమానాశ్రయం ప్రారంభమైన తరువాత, ఇక్కడి యువకులెందరో చలిదేశాలకు ఇక్కడినుండే పయనమైనారు. వారిలో మా అన్నయ్య ఒకరు. ఆయన కెనడాలో, మంచులో కూరుకుపోయిన వాహనాలను వించ్ యంత్రంతో లాగే పని చేస్తున్నారు. ఆ యంత్రపు డ్రమ్ముకు చుట్టే తాడు మేలురకపు పాలిథిలీన్‌దే. చలి వలన ఆ దారం బలం తగ్గదు. కాని అల్లిక సందులలో నిలిచిన నీరు గడ్డకడితే తాడు కర్రవలె బిగుసుకొంటుంది. డ్రమ్ముపై చుట్లు ఒకదానికొకటి అంటుకొంటాయి. మంచుపలుకులు, ఇసుకరేణువులు లోపల దారాలను ఒరసి అరగదీస్తాయి. ఈ అరుగుదల పైకి కానరాదు. బరువు మోస్తున్న వేళ తాడు తెగితే ప్రక్కనున్నవారి ప్రాణానికే ముప్పు.

అందుచేత అన్నయ్య పని ముగియగానే తాడంతా విప్పి, మంచినీటితో కడిగి, నీడన ఆరవేసి, మరల చుట్టుతారు. గడ్డకట్టిన తాడును మంటతో కరిగించరు. సుమారు 150 డిగ్రీల వేడికి ఆ దారమే కరిగిపోతుంది.

విద్యార్థి మిత్రులారా! తాతగారి మోకు నారది, అన్నయ్య తాడు రసాయనశాలలో పుట్టినది. అయినను ఇరువురూ చేసిన పని ఒక్కటే: ఆరవేయడం. విజ్ఞానశాస్త్రం మనకు కుళ్ళని తాడునిచ్చినది. దానిని కనిపెట్టి చూచుకొనే బాధ్యతను మాత్రం మన చేతులలోనే ఉంచినది.