గూఢగుల్ఫ

చీలమండ అన్నది మన నోళ్ళలో నలిగిన మాటే. దాని పుట్టుకను గురించి ఆలోచించేవారు మాత్రం తక్కువ. బండి ఇరుసు చివర, చక్రం ఊడిపోకుండా దిగగొట్టే ఇనుప ముక్కను మా గోదావరి వైపు రైతులు శీల అంటారు. చీల అన్నా అదే, మేకు అని అర్థం. మండ అంటే వేళ్ళకు వెనుకనుండే పైభాగం. చేతికీ ఉన్నది, కాలికీ ఉన్నది. పాదాన్ని కాలికి బిగించిన మేకు కనుక అది చీలమండ అయిందని నేను తరగతిలో చెబుతూండేవాణ్ణి. సంస్కృతంలో గుల్ఫమంటారు. అమరసింహుడు ఘుటిక అనే మాటను కూడా ఇచ్చాడు. ఇంత చిన్న కీలుమీద ఒక టపా ఏమిటని చదువరులు నొసలు చిట్లించవచ్చును. కారణం ఉన్నది, చిత్తగించండి.

మా అమ్మాయి కూతురు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నది. చిన్నప్పటినుంచీ కూచిపూడి నేర్చుకుంటున్నది. సంక్రాంతి సెలవులకు వచ్చి, రెండు రోజులు మౌనంగా తిరిగి, మూడోనాడు నా పడకకుర్చీ పక్కన చేరి, “తాతయ్యా, నా పేర బ్యాంకులో వేశానన్నావే, ఆ డబ్బులో కొంత ఇప్పుడే ఇస్తావా?” అని అడిగింది. దేనికమ్మా అంటే, కాళ్ళు సన్నం చేయించుకోవడానికట. పిక్కకూ పాదానికీ నడుమ నన్నబడవలసిన చోట సన్నబడకుండా, స్తంభంలాగా నేరుగా దిగిన కాలికి ఇంగ్లీషువాళ్ళు ఒక ఎగతాళి మాటను పుట్టించారు. కాఫ్, యాంకిల్ అనే రెంటినీ గుదిగుచ్చి క్యాంకిల్ అంటారు. సంధి నియమాలేవీ దానికి పట్టవు. ఒక ప్రదర్శనకు ముందు అలంకారం చూసే వారెవరో అందరి ఎదుటా, ఈ కాళ్ళకు గజ్జెలు కడితే రోకలికి కట్టినట్టుందన్నారట. అప్పటినుంచి పిల్ల రాత్రిపూట అన్నం మానింది. రెండు నెలలుగా నాట్యానికీ వెళ్ళడం లేదు.

నాకు వెంటనే తోచిన సమాధానం నా చదువులోంచి వచ్చింది. లలితా సహస్రనామాలలో అమ్మవారికి గూఢగుల్ఫ అని ఒక నామం. గూఢములైన, అంటే పైకి పొడుచుకు రాక కండలో మరుగుపడిన చీలమండలు కలది అని అర్థం. ఆ నామానికి ముందు పిక్కల వర్ణన, తరువాత తాబేటి వీపును మించిన పాదాగ్రాల వర్ణన ఉన్నవి. చీలమండ ఎముక బుడిపెలా కనబడకపోవడమే మన పూర్వులకు అందం, శుభలక్షణం. ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. పిల్ల శ్రద్ధగానే విని, “అమ్మవారికి బాగానే ఉంటుంది తాతయ్యా, ఆవిడ మీద స్టేజీ లైట్లు పడవుగా!” అన్నది. భాష్యకారులెవరూ ఈ ఆక్షేపణను ఊహించి ఉండరు.

మా ఆవిడ భయం వేరు. మా ప్రాంతంలో పెరిగినవారికి లావు కాలు అనగానే ముందుగా స్ఫురించేది బోదకాలు. నా చిన్నతనంలో మా వీధిలో ఒక నేతగాడుండేవాడు. గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నంతసేపూ నడుము పైభాగమే మనకు కనబడేది, ఎంతో దర్జాగా ఉండేవాడు. లేవవలసి వస్తే ఎడమకాలిని రెండు చేతులా ఎత్తి గట్టుమీద పెట్టుకుని, ఆ తరువాత తాను లేచేవాడు. ఆ పాదానికి చాలదని వెడల్పుగా ఒక తొక్కుడు పలకను ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఏడాదికి మూడు నాలుగు మారులు చలిజ్వరం వచ్చేది, గజ్జల్లో బిళ్ళ కట్టేది, జ్వరం దిగేసరికి కాలు మరికాస్త లావెక్కేది. ఆయన కూతురికి వచ్చిన సంబంధాలు గుమ్మందాకా వచ్చి ఆ కాలిని చూసి మళ్ళిపోయేవి. అది వంశంలో దిగే జబ్బు కాదని, దోమకాటువల్ల ఒంట్లో చేరిన సన్నని పురుగులు రసనాళాలను చెడగొట్టడంవల్ల వచ్చేదని ఆ పెళ్ళివారికి చెప్పినవారు లేరు.

రాత్రి తొమ్మిది దాటాక ఫైలేరియా వాళ్ళు లాంతరు పట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. నిద్రలో ఉన్న పిల్లలను లేపి, వేలిమీద సూది గుచ్చి, గాజుపలకమీద నెత్తురు అద్దుకుని పోయేవారు. ఇంత అపరాత్రి ఎందుకని మా నాయనగారు విసుక్కునేవారు. ఆ పురుగుల పిల్లలు పగలు లోపలెక్కడో దాగి, రాత్రివేళనే పైరక్తంలోకి వస్తాయట. వాటిని మోసే క్యూలెక్సు దోమ కుట్టేదీ రాత్రివేళనే. ఆ దోమ మురుగునీటిలో పెరుగుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. సుశ్రుతుడు ఈ వ్యాధిని శ్లీపదమన్నాడు. పాతనీరు నిలిచి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే దేశాలలో ఇది విశేషంగా పుడుతుందని నిదానస్థానంలో వ్రాశాడు. దోమ సంగతి ఎరుగకున్నా నీటి సంగతిని పట్టుకున్నాడు మహానుభావుడు. దేశంలో 2004 నుంచి ఈ వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా ఊరందరిచేతా డీఈసీ మాత్రలు మింగించే కార్యక్రమం మొదలైంది, తరువాత ఆల్బెండజోల్ చేరింది. ఆ మాత్రలు ఒకరినుంచి ఒకరికి వ్యాపించడాన్ని ఆపుతాయి గాని, అప్పటికే లావెక్కిన కాలిని తిరిగి సన్నం చేయవు. అటువంటి కాలికి చేయవలసినది నిత్యశుశ్రూష. సబ్బుతో కడగడం, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవడం, చిన్న పుండైనా అశ్రద్ధ చేయకపోవడం, కూర్చున్నప్పుడు ఎత్తున పెట్టుకోవడం. జ్వరాలు తగ్గితే వాపు పెరగడమూ తగ్గుతుంది.

ఈ భయమూ తీరాలి, పిల్ల కోరికా తేలాలి అని ఇద్దరం కలిసి మా ఊరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాము. ఆమె ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు చదువుకున్న పిల్ల. గురులఘువులు బాగా గుర్తించేది.

చీలమండకు పైన, ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కిపట్టి, కొన్ని అంకెలు లెక్కపెట్టి వదిలింది. గుంట పడలేదు. నీరు చేరిన కాలయితే వేలు తీసిన చోట తడిమట్టిలో నొక్కినట్టు గుంట నిలుస్తుందట. రెండు కాళ్ళూ ఒకే తీరున ఉన్నవి, పాదాలు సన్నగానే ఉన్నవి, నొక్కితే నొప్పి లేదు, ఊరికే కమిలిన మచ్చలూ లేవు. ఈ చివరి రెండూ ఎందుకడిగావని ఆరా తీస్తే లిపిడీమా అనే వ్యాధిని గురించి చెప్పింది. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్సు అనేవారు దీనిని వర్ణించారట. దాదాపు స్త్రీలకే వస్తుంది. నడుము కిందినుంచి చీలమండదాకా కొవ్వు పేరుకుని, పాదం దగ్గర గాజు తొడిగినట్టు హఠాత్తుగా ఆగిపోతుంది. ముట్టుకుంటే నొప్పి, చిన్న దెబ్బకే కములుతుంది, ఉపవాసాలకు లొంగదు. ఎందరో స్త్రీలు ఏళ్ళ తరబడి తిండిపోతులని మాటలు పడి, ఆ తరువాత ఇది వ్యాధి అని తెలుసుకున్నారట. థైరాయిడు మందగించినా కాళ్ళు ఉబ్బవచ్చును గనుక ఆ పరీక్ష కూడా చేయించింది. అన్నీ సవ్యంగా ఉన్నవి. “ఇది జబ్బు కాదు మాస్టారూ, కట్టుబడి. మీ ఇంట్లో ఎవరికో ఉండే ఉంటుంది” అన్నది.

ఉన్నది. ఇంటికి వచ్చాక మా ఆవిడ భోషాణం తీసి మా అమ్మ వెండి కడియాలు బయటపెట్టింది. మరచీల విప్పి తొడుక్కునే పాతకాలపు కడియాలు. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టుకుంటే పాదంమీదికి జారిపోయేవి. మనుమరాలికి కొలత తీసి చేసినట్టు పట్టాయి.

కడియాల దగ్గరకు తొందరపడి వచ్చేశాను గాని, ఆసుపత్రిలో జరిగినది ఇంకా ఉన్నది. పిల్లను చూడడం అయిపోయి లేవబోతూంటే, “మాస్టారూ, మీ పంచె కాస్త పైకి తీయండి” అన్నది డాక్టరమ్మ. నా కాలిమీద నొక్కింది. గుంట పడింది, నిమిషందాకా పూడలేదు. పిల్ల ముఖం పాలిపోయింది. మా పల్లెల్లో కాళ్ళకు నీరు దిగిందన్న మాటను గొంతు తగ్గించి అంటారు. ఇక రోజులు దగ్గరపడ్డాయని దానికి అర్థం. ఆ మాటలో అబద్ధం లేదు. గుండె బలహీనపడినా, మూత్రపిండాలు చెడినా, కాలేయం గట్టిపడినా ముందుగా చాటింపు వేసేది చీలమండలే. అందుకని మూత్రంలో మాంసకృత్తులు పోతున్నవేమో చూశారు, గుండెకు ఎకో తీశారు, రక్తపరీక్షలన్నీ చేశారు. ఫలితాలు వచ్చేదాకా నాలుగు రోజులు పిల్ల తన కాళ్ళ ఊసే ఎత్తలేదు. “మాత్ర వేసుకున్నావా, నీళ్ళు తాగావా” అని నా వెంటే తిరిగింది.

గుండె బాగున్నది, మూత్రపిండాలూ బాగున్నవి. తేలిన కారణాలు రెండు. మొదటిది, రక్తపోటుకు నేను వేసుకునే ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర. ఈ మాత్ర రక్తనాళాలను వదులు చేసి పోటును దించుతుంది. అలా వదులైన సన్ననాళాలనుంచి నీరు ఊరి, బరువుకొద్దీ పాదాలకు దిగుతుంది. మోతాదు పెరిగినకొద్దీ వాపూ ఎక్కువ. డాక్టరమ్మ మోతాదును సగం చేసి మరొక మందును జతచేసింది. ఇది చదివి ఎవరూ తమంతట తాము మాత్ర మానవద్దు, రక్తపోటు పక్షవాతందాకా తీసుకుపోగలదు. కీళ్ళనొప్పులకని అంగట్లో కొని వాడే మాత్రలూ, పేరు చెప్పక పొట్లాలు కట్టి ఇచ్చే పొడులూ కూడా ఒంట్లో నీటిని నిలుపుతాయి. మా వయసువారు ఈ మాటను మరింత గట్టిగా వినాలి.

రెండవ కారణం నా వృత్తి. ముప్ఫైనాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలుచున్నాను. కాలిలోని నెత్తురు గుండెకు ఎదురెక్కాలంటే పిక్కకండ బిగిసి సడలుతూ తోడవలసి ఉంటుంది. సిరలలో చిన్న చిన్న తలుపులుండి నెత్తురును వెనక్కి జారనీయవు. కదలక నిలుచుంటే ఏతం ఆగినట్టే. ఏళ్ళు గడిచేసరికి తలుపులు వదులై, సిరలు మెలికలు తిరిగి ఉబ్బి, చీలమండ లోపలివైపు చర్మం గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకా అశ్రద్ధ చేస్తే అక్కడే మానని పుండు పడుతుంది. ఉపాధ్యాయులు, క్షురకులు, బస్సు కండక్టర్లు, రోజంతా పొయ్యి ముందు నిలిచే ఇల్లాళ్ళు, వీరందరికీ ఇది పొంచి ఉన్న బాధే. ఒక్కకాలే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, పిక్కలో నొప్పి వస్తే మాత్రం ఆ రోజే వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

పిల్ల అడిగిన శస్త్రచికిత్సను గురించి డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. సన్నని గొట్టంతో కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ చీలమండలకూ చేస్తారు. కాని అక్కడ కొవ్వుపొర పలచన, నరాలూ రసనాళాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. శరీరంలో అన్నిటికంటే కిందనున్న భాగం గనుక చికిత్స తరువాత వచ్చే వాపు తీయడానికి నెలలు పట్టవచ్చు. ఎగుడుదిగుళ్ళు మిగలవచ్చు. ఎముక వెడల్పునూ, పిక్కకండ దిగిన తీరునూ అది మార్చలేదు. వ్యాయామంతో చీలమండ ఒక్కదాన్నే చిక్కించడం కుదరదు, ఒళ్ళు తగ్గితే అన్నిచోట్లా తగ్గుతుంది. ఈమె ఒంట్లో తగ్గించవలసిన బరువు లేదు. సన్నబడే టీ పొట్లాలు ఒక పూట నీటిని బయటికి తోస్తాయి, మర్నాటికి ఆ నీరు తిరిగి చేరుతుంది.

డబ్బు విషయం మిగిలింది. అది ఆమె పేర వేసినది, ఆమెదే. కాగితాలు ఆమె చేతికిచ్చి, ఏ షరతూ పెట్టలేదు. మా అమ్మాయి నామీద కోప్పడింది. పిల్ల మాత్రం రాత్రి అన్నం తింటున్నది, మళ్ళీ నాట్యానికి వెళుతున్నది. శస్త్రచికిత్సను ఉద్యోగం వచ్చాక ఆలోచిస్తానన్నది గాని మానుకున్నానని అనలేదు. కడియాలు అడిగి తీసుకుపోయింది.

ఇక నా వైద్యం. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు ఉన్న విస్తట్లో అది ఎక్కడ సాధ్యమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఉదయం నలభై నిమిషాల నడక, కుర్చీలో ఉన్నప్పుడు మడమలెత్తి దించడం, సాయంత్రం కాళ్ళను గుండెకంటే ఎత్తున దిండ్లమీద పెట్టి పడుకోవడం, ఇవి సులువే. మోకాలిదాకా బిగువుగా పట్టే మేజోళ్ళు ఉన్నవే, వాటితోనే చిక్కు. కాలి ధమనులలో రక్తం బాగా ఆడుతున్నదని వైద్యులు చూశాకనే వాటిని తొడగాలి. రాత్రి విశ్రాంతితో వాపు తీసి ఉంటుంది గనుక, తెల్లవారి మంచం దిగకముందే వేసుకోవాలి. ఒక్కొక్క దానికి మా ఆవిడా నేనూ పది నిమిషాలు పెనుగులాడవలసి వస్తున్నది. ఎండలు ముదిరాక వాటిని పక్కనపెట్టి, ఆషాఢందాకా దిండ్లతో సరిపెట్టుకుంటానని డాక్టరమ్మతో అన్నాను. కాళ్ళు ఎక్కువగా ఉబ్బేది ఎండల్లోనే గదా మాస్టారూ అన్నది. బేరం ఇంకా తెగలేదు.