పంపు ఎప్పుడు భుజానికెత్తావు?

పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు లేరని మంచాల వైపు నుంచి ఒక అత్త తన కోడల్ని వెంటబెట్టుకుని ఇబ్రహీంపట్నంలోని నా క్లినిక్‌కు వచ్చింది. సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. స్కానింగులు, థైరాయిడ్ పరీక్షలు, గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే. అన్నీ కోడలివే, అన్నీ బాగానే ఉన్నాయి. కొడుకు పేరున ఒక్క కాగితం లేదు. "వానికేమున్నది సారూ, క్వింటాల్ బస్తా ఎత్తుతడు" అంది. కోడలు తలెత్తలేదు.

మరునాడు ఆ అబ్బాయి వచ్చాడు. వీర్యపరీక్షలో మిల్లీలీటరుకు 40 లక్షల కణాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనిష్ఠ ప్రమాణం కోటీ 60 లక్షలు. కొన్ని వారాలాగి మళ్లీ చేయించినా దాదాపు అంతే. గవదబిళ్లలు రాలేదు, నరాల ఉబ్బు లేదు, గుట్కా లేదు. 'వృత్తి: వ్యవసాయం' అని రాసి ఫైలు మూయబోతుంటే అతని చొక్కా నుంచి ఒక వాసన తగిలింది. ఈ ప్రాంతంలో పనిచేసే డాక్టరుకు ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మందు కొట్టి వస్తున్నావా?"

"పొద్దుగాల టమాటకు కొట్టిన సార్. మాదే గాదు, ఊర్లె శానమందికి నేనే కొడ్త. పంపుకింత అని ఇస్తరు."

"ఎప్పట్నుంచి?"

"ఏడో తరగతిల ఉన్నప్పుడు మా నాయిన పంపు ఎత్తిచ్చిండు."

పురుగుల మందు తాగి వచ్చినవాళ్లకు ఏం చేయాలో నాకు నిద్రలో లేపినా తెలుసు. ఒంటిమీద బట్టలు తీసేసి కడగడం, ఊపిరితిత్తుల్లో నీరు ఆరేదాకా అట్రోపిన్ పెంచుతూ పోవడం. కానీ ఏళ్ల తరబడి చర్మం గుండా, ఊపిరి గుండా కొద్దికొద్దిగా ఇంకే మందు గురించి నేను ఎవర్నీ అడగలేదు. 'వ్యవసాయం' అన్న ఒక్క మాట రాస్తే అడిగినట్టే అనుకున్నాను. అది నా తప్పే.

ఆ రాత్రి ఎలుకల మీద జరిగిన పాత పరిశోధనలు ముందేసుకుని కూర్చున్నాను. వృషణం వెనకాల చుట్టలు చుట్టుకుని ఎపిడిడిమిస్ అనే సన్నటి నాళం ఉంటుంది. మనిషిలో విప్పి పరిస్తే సుమారు 20 అడుగులు. వృషణంలో తయారైన వీర్యకణానికి ఈదడం ఈ నాళంలోనే అబ్బుతుంది. దాని గోడల్లోని కణాల్లో గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైములు ఉంటాయి. విషపు అణువు లోపలికి వస్తే దానికి గ్లూటాథయోన్‌ను అతికించి, నీళ్లలో కరిగేలా చేసి బయటికి పంపడం వాటి పని. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోబేర్, హెర్మోల బృందం 1990లలో ఈ ఎంజైములు మగ ఎలుకలో ఎక్కడెక్కడ ఉన్నాయో రంగులు వేసి చూసింది. నాళం తల దగ్గర ఒక తీరు, తోక దగ్గర ఇంకో తీరు. పక్కపక్క కణాల్లోనే తేడా. నన్ను ఆపేసింది మాత్రం వయసు సంగతి. పసి ఎలుకలో ఉన్న అమరిక పెద్ద ఎలుకలో ఉన్నది కాదు. ఎలుక ఈడుకొచ్చే క్రమంలో అది మారుతూ వచ్చి, చివరికి పెద్దవాటి రూపానికి చేరుతుంది.

రక్తంలోని విషాలు వీర్యకణాల దాకా పోకుండా వృషణంలో ఒక అడ్డుగోడ కూడా ఉంటుంది. ఎలుకలో అది పుట్టిన రెండు మూడు వారాలకు గాని బిగుసుకోదు. మనిషిలోనైతే ఈడు వచ్చేదాకా ఆగాలి. ఏడో తరగతి పిల్లవాడి భుజాన పంపు ఎత్తినప్పుడు అతని లోపల ఆ గోడ ఇంకా లేచి ఉండకపోవచ్చు. పెద్ద ఎలుక ఇంత తట్టుకుంది కాబట్టి ఇంతవరకు ఫరవాలేదు అనే లెక్క ఆ పిల్లవాడికి వర్తించదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటలపై ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు ఆ తోటలున్న కొండల కింద పెరిగిన 117 మంది మగపిల్లల్ని, మందు పడని ఊరి పిల్లలు 90 మందితో పోల్చి 2003లో ఫలితాలు ప్రచురించారు. అందరూ 10 నుంచి 19 ఏళ్లలోపు వాళ్లే. మందు పడిన ఊళ్లో పిల్లలు ఈడుకు రావడం వెనకబడింది, వయసుకు తగ్గ టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంది. అది చిన్న అధ్యయనమే. అయినా నా దృష్టిలో చిన్న విషయం కాదు. 2011 మేలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. దాని చోట వేరే డబ్బాలు వచ్చాయి.

ఈ సంగతి తలకెక్కాక తల్లుల్నీ అడగడం మొదలుపెట్టాను. యాచారం దగ్గరి ఒకామె తన నెలల బాబును తెచ్చింది. ఒకవైపు వృషణం సంచిలోకి దిగలేదు. కడుపుతో ఉన్న మూడో నెలలో బీర తోటలో డ్రమ్ములో మందు కలిపింది ఆమేనట, చేతులతోనే. మగబిడ్డ అవయవాలు ఏర్పడే గడువు కడుపులో ఎనిమిదో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. ఆ బిడ్డకు అలా కావడానికి మందే కారణమని నేను చెప్పలేను, చెప్పలేదు కూడా. మందు జోలికి పోని ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు పుడతారు. ఆరు నెలలు నిండాక కూడా దిగకపోతే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించమన్నాను. "నేనే చేసిన్నా సారూ?" అని ఆమె అడిగింది. "కాదమ్మా, నీకు చెప్పాల్సిన వాళ్లం మేం చెప్పలేదు" అన్నాను.

మంచాల అబ్బాయికి మూడు నెలలు పంపు ముట్టొద్దని చెప్పాను. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, నాళం దాటడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది మరి. మాట మీద నిలబడ్డాడు. నాలుగో నెలలో భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చారు. లెక్క 90 లక్షలకు పెరిగింది. ఇంకా చాలదు, అయినా ఆ అమ్మాయి ముఖం మొదటిసారి తేటగా కనిపించింది.

"మరి పొలంలో మందు ఎవరు కొడుతున్నారు?" అని అడిగాను.

"తమ్మునికి అప్పజెప్పిన సార్. తొమ్మిదో తరగతి. ఇస్కూల్‌కు పోయేముందు కొట్టిపోతడు."

"రేపు వాణ్ని తీసుకురా."

అతను అర్థం కానట్టు చూశాడు. "వానికింకా పెళ్లి గాలే గద సార్."