తీపి కారం కీమా

కొరియా బుల్గోగీకి మాంసం పల్చగా కోయాలి, నానబెట్టాలి. ఆఫీసు నుంచొచ్చి అంత ఓపిక ఎవరికుంది? అమెరికాలో దానికి అడ్డదారి గ్రౌండ్ బీఫ్. అంటే కీమానే.

పెనం బాగా కాలాక కీమా పరిచి, ముట్టుకోకుండా వదిలేయండి. గరిటెతో కెలికారంటే నీరు ఊరి ఉడుకుతుంది తప్ప వేగదు. అడుగు ఎర్రబడ్డాకే చిదపాలి. 80/20 అని రాసున్న ప్యాకెట్‌లో ఐదో వంతు కొవ్వే, విడిగా నూనె దండగ. ఎక్కువైంది వంచేసి, అల్లం వెల్లుల్లి వేయండి. సోయా సాస్, గోచుజాంగ్ అనే కొరియా మిరప ముద్ద, ఆఖర్న బ్రౌన్ షుగర్ (ముందే వేస్తే మాడుతుంది). గోచుజాంగ్ బదులు గుంటూరు కారం వేస్తే ఘాటొస్తుంది గానీ ఆ పులిసిన సోయా రుచి రాదు. నేనైతే రెండూ వేస్తాను, కొరియా వాళ్ళు ఏమనుకున్నా సరే.

స్టేక్‌లా సగం పచ్చిగా దించకండి. గ్రౌండ్ బీఫ్ 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది.

పైన ఉల్లికాడలు, రెండు చుక్కలు నువ్వుల నూనె. వేయించిన నువ్వులదండీ, మన పప్పునూనె కాదు. వేడన్నంలోకి అదిరిపోతుంది. మిగిలితే రేపు దోసెలో పెట్టి చుట్టేస్తా.