మునేటి దారిలో ప్రాకే ప్రాణులు

విజయవాడ నుండి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద కొండపల్లి కొండలు దాటి, పరిటాల, కంచికచర్ల మీదుగా వస్తే కీసర దగ్గర మునేరు ఎదురవుతుంది. వంతెన దాటి మరికొంత దూరం పోతే నందిగామ. అక్కడి నుండి చిల్లకల్లు, జగ్గయ్యపేట, ఆపైన పాలేరు, దానితో తెలంగాణ సరిహద్దు. పూర్వం నుండి దీనిని కృష్ణా జిల్లా మెట్ట అంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరింది గాని, జనం నోట ఇప్పటికీ మెట్టే. దివిసీమ వారు వరి గురించి మాట్లాడితే ఇక్కడివారు పత్తి, మిరప, కంది, సుబాబుల్ గురించి మాట్లాడతారు.

సంఘ దర్శనాల నిమిత్తం మేము ఈ దారిన పగలూ రాత్రీ తిరుగుతుంటాము. ఈ నెల ఇక్కడి నేలను ప్రాకే జీవులను గూర్చి, గుంటల్లో అరిచే కప్పలను గూర్చి పాఠకులతో మాట్లాడదలచాము. వీటి విషయమై మన ఇళ్ళలో భయం ఎక్కువ, తెలివిడి తక్కువ. అందువలన మనుషులూ పోతున్నారు, ఆ జీవులూ పోతున్నాయి.

తొలకరి గట్టిగా పడిన రాత్రి నందిగామ చుట్టుపక్కల రోడ్డు పక్క గుంటల్లో బోదురు కప్పల అరుపు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. టార్చి వేసి చూస్తే మగ కప్ప ఒళ్ళంతా పసుపు పూసుకొన్నట్లు ఉంటుంది. దవడల కింద రెండు నీలపు తిత్తులు ఉబ్బుతుంటాయి. ఆడ కప్పను పిలుచుకొనేందుకు వానాకాలంలో అది వేసే వేషం అది. ఒకప్పుడు ఈ కప్పల కాళ్ళను విదేశాల వారి భోజనానికి ఎగుమతి చేసేవారు. 1981లో మన దేశం నుండి 4 వేల టన్నులకు పైగా వెళ్ళాయి. కప్పలు తగ్గితే పొలంలో పురుగు పెరుగుతుందని, పురుగు మందుల ఖర్చు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

ఎగుమతి ఆగింది గాని మందుల పిచికారీ ఆగలేదు. కప్ప తన చర్మం ద్వారానే నీటిని త్రాగుతుంది, కొంత గాలిని కూడా పీల్చుకొంటుంది. కాబట్టి చేలో నుండి గుంటలోకి దిగిన మందు నేరుగా దాని ఒంట్లోకి పోతుంది. ప్రపంచంలోని 8,011 రకాల కప్పలు, వాటి జాతి జీవులను పరిశీలించి 2023లో శాస్త్రజ్ఞులు ఒక లెక్క ప్రచురించారు. ప్రతి 100 రకాలలో సుమారు 41 అంతరించే ప్రమాదంలో ఉన్నాయని అందులో తేలింది. మందు డబ్బాలను, స్ప్రేయర్లను వాగులో, కుంటలో కడుగకుండా ఉండడం మన చేతిలో ఉన్న పని.

ఇక పాముల సంగతి. మన తెలుగు పాములను మొదట శ్రద్ధగా వ్రాసిపెట్టినవాడు పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు. ఆయన 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ తీరపు చెట్లను, జీవులను పరిశీలించాడు. 1796లో లండనులో అచ్చయిన ఆయన పుస్తకంలో పాముల బొమ్మల వెంట మన పల్లెవారు చెప్పిన తెలుగు పేర్లే ఉన్నాయి. రక్తపింజరను ఆయన ‘కాటుక రేకుల పొడ’ అని వ్రాసుకొన్నాడు. దాని వీపు మీది నల్లటి మచ్చలను చూసినవారికి ఆ పేరు ఎంత చక్కనిదో తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ పాముకు ఆయన పేరే స్థిరపడింది. అలాగే నలుపు, పసుపు పట్టెల పామును మనవారు ‘బంగారు పాము’ అన్నారు. ఆ మాట నుండే కట్లపాముల జాతి అంతటికీ ‘బంగారస్’ అనే శాస్త్రీయ నామం వచ్చింది. అక్షరం రాని మన పూర్వీకుల మాట ఈనాడు ప్రపంచంలోని ప్రతి జంతుశాస్త్ర గ్రంథంలో ఉన్నది!

ఈ పని నేటికీ సాగుతున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు గారు, ఇంద్రనీల్ దాస్ గారు కలిసి నల్లమల కొండల్లోని కప్పలు, బల్లులు, పాముల జాబితాను 2008లో ప్రచురించారు. ఆ బంగారు పాము వరంగల్ జిల్లాలో మరల కనిపించినట్లు శ్రీనివాసులు గారి బృందం 2009లో తెలియజేసింది. ఇవి మనకు దూరపు వార్తలు కావు. నల్లమల నీళ్ళు కృష్ణలో, వరంగల్ వైపు నీళ్ళు మునేటిలో కలిసి మన ముంగిటికే వస్తున్నాయి.

పాములన్నీ విషపువి కావు. జెర్రిపోతు, నీరుకట్టె మనకు హాని చేయవు. జెర్రిపోతు ఎలుకలను తిని రైతు గింజలను కాపాడుతుంది. మనుషుల ప్రాణం ఎక్కువగా తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెవారు. ఎక్కువ కాట్లు వానాకాలపు నెలల్లోనివి.

కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది. నేల మీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, తరువాత ఊపిరి ఆగుతుంది. ఒక గృహకూటం ముగిశాక ఆ ఇంటి తల్లి పిల్లలకు నేల మీదనే చాపలు పరచడం చూశాము. మంచం మాటెత్తితే, “నలుగురు పిల్లలకి ఒకటే మంచం అయ్యగారూ” అన్నది. “అయితే దోమతెర కట్టి, అంచులు చాప కిందికి దోపమ్మా. దోమా రాదు, పామూ రాదు” అని చెప్పాము. కట్లపాము విషయంలో దోమతెర నిజంగా ప్రాణాలు కాపాడుతుంది.

మెలితే ద్వీపంలో అపొస్తలుడైన పౌలు చేతిని పాము పట్టినది ఎప్పుడు? పుల్లలు ఏరి మంటలో వేసేటప్పుడే. మన స్త్రీలు సుబాబుల్ తోటల్లో కట్టెలు ఏరేటప్పుడు, పిడకల గూటిలో చేయి పెట్టేటప్పుడు, మనవారు పత్తి కట్టె పీకేటప్పుడు జరిగేదీ అదే. ముందు కర్రతో కదిలించి, తరువాత చేయి పెట్టండి.

కరిస్తే ఏమి చేయాలి? బిగించి కట్టు కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. కరిచిన కాలును గాని చేతిని గాని కదలనీయక, మనిషిని నడిపించక, 108కి ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి వెంట తేనక్కరలేదు. మన దేశంలో ఆ నాలుగు పాములకూ ఒకటే మందు. డాక్టరుగారు కొద్దిగా రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచుతారు. అది గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కినట్లు తెలుసుకొంటారు.

“మంత్రం వేస్తే మా బావకి తగ్గిందండీ” అనేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. విషం లేని పాము కరిచినా, విషపు పామే విషం దించకుండా కరిచినా మనిషి బ్రతుకుతాడు. పేరు మంత్రగానికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవానికి మాత్రం ఆ గంట తిరిగి రాదు. ప్రార్థన తప్పక చేయండి. బండి ఎక్కాక దారిలో చేయండి, ప్రార్థన కోసం ప్రయాణం ఆపవద్దు.

ఆ మందు ఎక్కడిది? పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుళ గిరిజనులు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘం నుండి వస్తున్నది. వారిలో ఇద్దరు, మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్, 2023లో పద్మశ్రీ పొందారు. అయితే రక్తపింజర విషం అన్నిచోట్ల ఒకటి కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు 34 చోట్ల నుండి 115 పాముల విషం పరీక్షించి, వేడినీ వానలనూ బట్టి అది మారుతున్నదని 2025లో తెలిపారు. ఏ ప్రాంతానికి తగిన మందు ఆ ప్రాంతానికి చేయాలంటే ఆ పాములు బ్రతికి ఉండాలి. చంపిన పాము నుండి మందు రాదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మునేరు పొంగి ఐతవరం దగ్గర పెద్ద రోడ్డు మీదుగా పారింది. అటువంటి వరదలో పాము కూడా మనలాగే మెరక వెదుక్కొంటుంది. అది పగతో రాదు, తన కలుగు మునిగిపోయి వస్తుంది.

జగ్గయ్యపేట చేరితే నేల రంగు మారుతుంది. పూర్వపు బేతవోలుకు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు పెట్టించాడు. ధనంబోడు గుట్ట మీద 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన బౌద్ధ స్తూపం కలదు. ఆ స్తూపానికి వాడిన సున్నపురాయే ఈనాడు సిమెంటు ఫ్యాక్టరీలకు పోతున్నది. ఇటువంటి రాతి మెట్టలే ఉడుముకు, చిన్న పింజరకు ఇల్లు. ఒక ముసలి గొర్రెల కాపరి మాతో, “మా చిన్నప్పుడు ఉడుం కనపడని రోజు లేదు అయ్యగారూ. కూరకని కొట్టి కొట్టి, ఇప్పుడు మనవడికి చూపిద్దామంటే లేదు” అన్నాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఉడుమును పట్టినా, తిన్నా నేరం. నక్షత్ర తాబేలును అమ్మడమూ నేరమే. రెండు తలల పాముకు లక్షలు ఇస్తామని తిరిగే దళారుల మాట మన యువకులు నమ్మవద్దు. దానికి రెండు తలలు లేవు, తోక మొద్దుగా ఉంటుంది, అంతే. లక్షలు రావు, జైలు వస్తుంది.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో మన వంతు చిన్నదే. ప్రతి మందిరపు గోడ మీద 108 నంబరు, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో వ్రాయించండి. ఈ వానాకాలం రాత్రి కూటాలకు వచ్చే ప్రతి ఇంటివారి చేతిలో ఒక టార్చి, ఒక కర్ర ఉండేలా పెద్దలు చూడండి. వెలుగు పడితే పాము తన దారిన తాను పోతుంది, మనం మన దారిన ఇల్లు చేరతాము.