నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌లో తల్లి నా ఎదురుగా కూర్చుంటే, కొడుకు డాలస్ నుంచి వీడియో కాల్‌లో అడిగాడు: "అమ్మ చీలమండకు ఆపరేషన్ అంటున్నారు. మీరు బోర్డ్ సర్టిఫైడేనా సార్?"

అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో ఎముకల సర్జన్లకు 1934 నుంచి ఒక బోర్డు ఉంది. రాత పరీక్ష పాసైతే సరిపోదు. ప్రాక్టీసులో తాను స్వయంగా చేసిన ఆపరేషన్ల రికార్డులు, ఎక్స్‌రేలు ముందు పెట్టుకుని పరీక్షకులు నిలదీస్తారు. పాదాల వైద్యమే చదివిన పోడియాట్రిస్టులకు వేరే బోర్డులున్నాయి.

మన దగ్గర ఎంఎస్ ఆర్థో గానీ డీఎన్‌బీ గానీ మూడేళ్లు. పాదం, చీలమండ మీద పట్టు రావాలంటే ఆ పైన ఫెలోషిప్. కొందరు ఏడాది చేస్తారు, కొందరు కొన్ని వారాల్లో ముగిస్తారు. గోడకు తగిలించాక ఆ రెండు కాగితాలకూ తేడా పేషెంటుకు తెలియదు. నన్ను బాధపెట్టేది అదే.

ఆ పట్టు లేని చోట ఏమవుతుందో చెప్తాను. చైతన్యపురి హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదివే కుర్రాడొకడు మెట్ల మీద పాదం మడతపడి పడిపోయాడు. రెండు చోట్ల పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి బెణుకన్నారు. మధ్యలో నాటు కట్టూ అయింది. నెలన్నర తర్వాత కుంటుతూ నా దగ్గరికొచ్చాడు. దెబ్బ తగిలిన వారంలో తీసుకున్న ఫొటో ఫోన్లో చూపించాడు: అరికాలి మధ్యన కమిలిన నల్లటి మచ్చ. అది చూస్తేనే అనుమానం రావాలి. నిలబెట్టి ఎక్స్‌రే తీయిస్తే బొటనవేలి ఎముక మొదలుకూ, పక్క వేలి ఎముక మొదలుకూ మధ్య సందు బయటపడింది. లిస్‌ఫ్రాంక్ గాయం. ఒంటి బరువు పడితే తప్ప ఆ సందు చాలాసార్లు కనిపించదు. మొదటి వారాల్లోనే దొరికితే కీళ్లను సరిచేసి స్క్రూలతో నిలపొచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆ కీళ్లను శాశ్వతంగా అతికించేయాల్సిన పరిస్థితి వస్తుంది.

కాగితమే సర్వస్వం అని కూడా అనను. ఎల్బీనగర్‌లో టిఫిన్ సెంటర్ నడిపే షుగర్ పేషెంటుకు పాదం వాచింది. జ్వరం లేదు, నొప్పీ పెద్దగా లేదు. అది చార్కో పాదమని, అంటే షుగర్‌తో నరాలు మొద్దుబారి ఎముకలు లోలోపలే దెబ్బతింటున్నాయని, మొదట పట్టుకున్నది ఆయన్ను చూసే, ఏ ఫెలోషిప్పూ లేని షుగర్ డాక్టరమ్మ. రెండు పాదాల మీదా చేతులు పెట్టి వేడిలో తేడా చూసింది. వెంటనే కట్టు వేసి, కాలు మోపకుండా ఆపగలిగాం.

మరి పేషెంటు ఏం చూడాలి? 2002 వైద్య నియమావళి ప్రకారం ప్రతి ప్రిస్క్రిప్షన్ మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. ఆ నంబరు చూడండి. తర్వాత, ఇలాంటి ఆపరేషన్లు మీరే ఎన్ని చేశారు, ఏడాది తర్వాత వాళ్లు ఎలా నడుస్తున్నారు అని అడగండి. మా ఎముకల సర్జన్ల సొసైటీలు కూడా సర్జన్లు సొంత కేసులతో హాజరయ్యే పరీక్ష పెట్టాలి. పెడితే నా ఆపరేషన్ల రిజిస్టరు మొదట ఇస్తాను.